దారిలో లైటు పోతే ఏ వర్క్‌షాపు దిక్కు? కార్ల కంపెనీలకు బహిరంగ లేఖ

కార్ల తయారీ కంపెనీల సర్వీస్ విభాగాలను నడిపే పెద్దలకు,
ఊరూరా ఆ కంపెనీల బోర్డు పెట్టుకున్న అధీకృత వర్క్‌షాపుల యజమానులకు,

విషయం: ప్రయాణంలో ఉన్న కారుకు హెడ్‌లైట్ పాడైతే వారంటీ కింద అదే రోజు దారి చూపించడం గురించి.

నమస్కారం.

కారు తాళాలు చేతికిచ్చే రోజున మీ షోరూంలో ఒక మాట గట్టిగా చెబుతారు. "దేశంలో ఎక్కడికెళ్లినా మన సర్వీస్ ఉందండి, మీకు టెన్షన్ అక్కర్లేదు" అంటారు. వారంటీ పుస్తకంలోనూ అదే ఉంటుంది. ఏ ఊళ్లో కొన్నా సరే, కంపెనీ అధీకృత వర్క్‌షాపు ఎక్కడున్నా అక్కడ వారంటీ చెల్లుతుందని రాస్తారు. మాలాంటివాళ్లు మీ కారు కొనడానికి ఆ మాట పెద్ద కారణం. మా బంధువులు విజయనగరంలో ఉన్నారు, ఒడిశాలోని రాయగడలో, జయపురంలో ఉన్నారు. పెళ్లికో పేరంటానికో ఘాట్ రోడ్లు ఎక్కి దిగడం మాకు మామూలే. బండికి దారిలో ఏదైనా అయితే అక్కడే చూసేవాళ్లుంటారన్న ధైర్యంతో బయల్దేరతాం.

ఆ ధైర్యానికి ఆధారం లేదని తెలిశాక ఈ లేఖ రాస్తున్నాను. మీ నుంచి నేను కోరేది ఒక్కటే. ప్రయాణంలో ఉన్న బండికి హెడ్‌లైట్ పోతే దాన్ని మామూలు వారంటీ క్లెయిముల వరుసలో పడేయకండి. బ్రేక్‌డౌన్‌గా చూడండి. బండి మీ గేటు లోపలికి వచ్చిన రోజే, రాత్రి నడపగలిగే స్థితిలో బయటికి పంపండి. ఖర్చు ఎవరి ఖాతాలో పడాలి, అనుమతి ఏ ఆఫీసు ఇవ్వాలి అన్నవి తర్వాత మీలో మీరు తేల్చుకోండి.

జరిగింది చెబుతాను. కంపెనీ పేరు రాయడం లేదు. మిగతా కంపెనీల బండ్లున్న స్నేహితులను అడిగితే దాదాపు ఇలాంటి కథలే చెప్పారు. పేరు రాస్తే ఆ ఒక్క కంపెనీ క్షమాపణతో సంగతి ముగిసిపోతుంది. నాకు కావలసింది అది కాదు.

గత చలికాలంలో అమ్మానాన్నలను, పిల్లలను తీసుకుని కాకినాడ నుంచి బయల్దేరాం. సాలూరు ఘాట్ ఎక్కి, కొరాపుట్, జయపురం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వెళ్లి, ఇంద్రావతి నది మీది చిత్రకోట్ జలపాతం చూసి రావాలని అనుకున్నాం. కారు వారంటీలోనే ఉంది. సర్వీసులన్నీ మీ వర్క్‌షాపులోనే చేయించాం. లైట్లకు గానీ వైరింగుకు గానీ బయట ఎవరి చేయీ పడలేదు. జయపురం దాటాక పొద్దు గుంకింది. ఆ వైపు డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే చీకటి ముసురుకుంటుంది. కొంతదూరం వెళ్లాక డాష్‌బోర్డు మీద హెచ్చరిక గుర్తు వెలిగింది. దిగి చూస్తే కుడి హెడ్‌లైట్ ఆరిపోయి ఉంది.

ఏ లైటు పోయినా ప్రమాదమే. కానీ రోడ్డుకు ఎడమ పక్కన నడిపే మన దేశంలో కుడి లైటు పోవడం మరీ ప్రమాదం. ఎదురుగా వచ్చేవాడికి మన ఎడమ లైటు ఒక్కటే కనిపిస్తుంది. బైకు వస్తోందనుకుంటాడు. ఆ వెలుగు పక్కనుంచి దూసుకెళ్లిపోవచ్చని లెక్క వేసుకుంటాడు. అతను ఖాళీ అనుకునే చోట డ్రైవర్ కూర్చుని ఉంటాడు. ఆ దారిలో లారీలు, బస్సులు ఎదురవుతుంటాయి. వంపు తిరిగి ఒక్కసారిగా మీదికొచ్చే లారీ డ్రైవరుకు మనం ఎంత వెడల్పున్నామో తేల్చుకోవడానికి దొరికేది రెండు మూడు సెకన్లు. ఈ సంగతి మీ ఇంజినీర్లకు నాకంటే బాగా తెలుసు.

మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరుకు ఫోన్ చేశాం. "బండి స్టార్ట్ అవుతోందా అండి?" అని అడిగారు. అవుతోందన్నాం. "కదులుతోందా?" కదులుతోందన్నాం. అయితే అది తమ నిబంధనల ప్రకారం బ్రేక్‌డౌన్ కిందికి రాదని, పొద్దున దగ్గర్లోని వర్క్‌షాపుకు తీసుకెళ్లమని చెప్పారు. పొద్దున దాకా ముసలివాళ్లతో, పిల్లలతో రోడ్డు పక్కన ఉండాలా అని అడిగితే ఫోన్‌లో మాట్లాడిన ఆమె దగ్గర జవాబు లేదు. ఆమెను నేను తప్పుపట్టను. ఆమె ముందు పెట్టిన ప్రశ్నల పట్టికలో ఇంజిన్ ఉంది, బ్యాటరీ ఉంది, టైరు ఉంది, లైటు లేదు. ఆ పట్టిక తయారుచేసింది మీ ఆఫీసు. బంపరు కింద ఉండే ఫాగ్ ల్యాంపులు రెండూ వెలుగుతుండటంతో కనీసం బండి వెడల్పయినా ఎదుటివాళ్లకు తెలుస్తుందని, అవి వేసుకుని ఒక బస్సు వెనకాల ఎడం పాటిస్తూ మెల్లగా జగదల్‌పూర్ చేరాం.

పొద్దున్నే అక్కడి మీ అధీకృత వర్క్‌షాపుకు వెళ్లాం. స్విచ్ వేస్తే లైటు వెలిగింది. ఎల్ఈడీ లైట్లలో ఇలా జరుగుతుంది. లోపలి సోల్డర్ అతుకు పట్టు తప్పినా, కరెంటును అదుపుచేసే డ్రైవర్ సర్క్యూట్ దెబ్బతిన్నా, చల్లగా ఉన్నంతసేపు వెలుగుతుంది, వేడెక్కాక ఆరిపోతుంది. మళ్లీ చల్లారితే మళ్లీ వెలుగుతుంది. అందుకే బండి కంప్యూటరు మెమరీలో లోపం కోడ్ నమోదై ఉందేమో స్కానర్ పెట్టి చూడమన్నాం, కనీసం అరగంట లైటు వేసి ఉంచమన్నాం. స్కానర్ వేరే బండికి పెట్టి ఉందన్నారు. స్విచ్ వేసి, ఆపి, మళ్లీ వేసి, అంతా బాగానే ఉందని పంపేశారు. వచ్చిన బండినీ దాని ఫిర్యాదునూ నమోదు చేసే జాబ్ కార్డ్ తెరవలేదు. ఖర్చేమీ కాలేదు కదా, జాబ్ కార్డ్ ఎందుకు అన్నారు.

ఎందుకో ఇక్కడ చెప్పాలి. జాబ్ కార్డ్ లేకపోతే మా బండి ఆ గేటులోకి వచ్చినట్టే ఎక్కడా ఉండదు. వారంటీ గడువులోపే లోపం బయటపడిందని రుజువు ఉండదు. రేపు గడువు దాటాక అదే లైటు పూర్తిగా పోతే, ఇదివరకు ఎప్పుడూ ఫిర్యాదు రాలేదు కదా అంటారు. అనడమే కాదు, మీ కంప్యూటరూ అదే చూపిస్తుంది.

చిత్రకోట్ నుంచి తిరిగి వస్తుంటే అదే సాయంత్రం లైటు మళ్లీ ఆరింది. ఈసారి వీడియో తీశాం. వీడియో చూపించాక మర్నాడు లోపం ఉందని ఒప్పుకున్నారు. ఒప్పుకున్న తర్వాత విన్నది ఇంకా కష్టం కలిగించింది. హెడ్‌లైట్ అసెంబ్లీ మొత్తం మార్చాలట. స్టాకు లేదట. ఫోటోలు, వీడియో పైఆఫీసుకు పంపి అనుమతి తెచ్చుకోవాలట. బండి ఆంధ్రాలో అమ్మినది కాబట్టి అనుమతికి ఇంకొంచెం సమయం పట్టవచ్చట. అనుమతి వచ్చాక పార్ట్ ఆర్డరు పెడతారు, అది ఎప్పుడొస్తుందో చెప్పలేరు. కావాలంటే బండి వదిలిపెట్టి వెళ్లండి, లేకపోతే మీ ఊరెళ్లి చేయించుకోండి అన్నారు. పోనీ, ఈ లోపం చూశామని, పార్ట్ లేక పంపేస్తున్నామని ఒక కాగితం మీద రాసివ్వమంటే, "అలా రాసివ్వడం కుదరదు సార్" అన్నారు.

ఇంటికి దాదాపు మూడు రాష్ట్రాల దారి ఉంది. మధ్యలో ఘాట్ ఉంది. చలికాలం పొద్దున్నే కొరాపుట్ కొండల్లో పొగమంచు ఎలా ఉంటుందో ఆ దారిన వెళ్లినవాళ్లకు తెలుసు. ఆ దారికి ఒక లైటుతో వెళ్లమని, వెళ్లడం మీ ఇష్టం అన్నట్టుగా మీ వర్క్‌షాపు మమ్మల్ని గేటు దాటించింది.

జయపురంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఆగాం. తెలుగువాడే. ఆ ఊళ్లో తెలుగు వినపడని వీధి తక్కువ. ఫ్యూజు చూశాడు, కనెక్టర్ తీసి పిన్నులకు పచ్చచిలుము పట్టిందేమో చూశాడు, టెస్టర్‌తో లైటు దాకా కరెంటు వస్తోందని తేల్చాడు. లోపం వైరింగులో లేదని, లైటు లోపలే ఉందని పది నిమిషాల్లో చెప్పాడు. మీ వర్క్‌షాపులో ఎవరూ ఈ మాత్రం పరీక్ష కూడా చేయలేదు. తర్వాత చేయి వెనక్కి తీసుకున్నాడు. "బాబూ, ఇది విప్పితే మీ వారంటీ పోయిందంటారు. నేను ముట్టుకోను. పైన ఇంకో లైటు కట్టిస్తానన్నా వైరు కోశారంటారు. పగలు ఘాట్ దిగిపోండి" అన్నాడు. పని వచ్చిన మనిషి, పనిముట్లున్న మనిషి, సాయం చేయాలనున్న మనిషి. మీ భయంతో ఆగిపోయాడు.

ఆ భయానికి ఆధారం ఎంతుందో చూద్దాం. మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్కులకు అందకుండా మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకున్నారన్నది అభియోగం. అదే ఉత్తర్వులో వారంటీ గురించి కూడా స్పష్టంగా చెప్పింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టకూడదు, బయటి పని బాగా లేనందువల్ల ఏ నష్టం జరిగిందో అంతవరకే వారంటీ నిరాకరించవచ్చు అని. జరిమానా మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, కేసులు నడిచాయి. అదంతా మీ హక్కు. కానీ ఆ ఉత్తర్వులోని న్యాయం ఇన్నేళ్లయినా జయపురం ఎలక్ట్రీషియన్ దాకా చేరలేదు. చేరనివ్వాల్సింది మీరే. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' (మరమ్మతు హక్కు) పోర్టల్ ప్రారంభించినప్పుడు అందులో ఆటోమొబైల్ రంగాన్ని కూడా చేర్చింది. దారిలో ఆగిపోయినవాడికి ఆ హక్కు రోడ్డు మీద పనికిరావాలి.

పాత రోజుల్లో ఈ సమస్యే లేదు. హ్యాలోజెన్ బల్బు పోతే ఏ చిన్న ఊళ్లోనైనా కొన్ని వందల రూపాయలకు హెచ్4 బల్బు దొరికేది. వెనక రబ్బరు తొడుగు తీసి, స్ప్రింగు క్లిప్పు వదులుచేసి, పాతది లాగి కొత్తది పెట్టడం పావుగంట పని. డ్రైవర్లు డిక్కీలో ఒకటి అదనంగా పెట్టుకునేవాళ్లు. ఎల్ఈడీ వచ్చాక వెలుగు బాగుంది, కరెంటు తక్కువ తీసుకుంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. ఆ మేలు నేను కాదనను, రాత్రి ప్రయాణంలో తేడా నాకూ తెలుస్తోంది. కానీ అనేక మోడళ్లలో చిప్పు, సర్క్యూట్, వేడి లాగే రేకులు, అద్దం అన్నీ కలిపి ఒకే డబ్బాలా మూసేశారు. లోపల చిన్న ముక్క పోయినా డబ్బా మొత్తం మార్చాలి. కొన్ని బండ్లలో అందుకు ముందు బంపరు విప్పాలి, కొన్నింటిలో కొత్తది పెట్టాక కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో పరిచయం చేయాలి. ధర వేలు దాటి పదివేలల్లోకి వెళ్తుంది. వీధిలో దొరికే మందును ఎత్తేసి మీ ఒక్క దుకాణంలోనే పెట్టారు. అలాంటప్పుడు ఆ దుకాణం రాత్రీ పగలూ తెరిచి ఉంచే బాధ్యత కూడా మీదే అవుతుంది. డిజైన్ మార్చింది మీరు, కాబట్టి ఆ డిజైన్ తెచ్చే ఇబ్బందికి దారి చూపాల్సింది కూడా మీరే.

చట్టం హెడ్‌లైట్‌ను అలంకారంగా చూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 105వ నిబంధన ప్రకారం సూర్యాస్తమయం తర్వాత అరగంట నుంచి సూర్యోదయానికి ముందు అరగంట దాకా, వెలుతురు చాలని మరే సమయంలోనైనా, ముందు 155 మీటర్ల దూరంలో ఉన్న మనుషులూ బండ్లూ స్పష్టంగా కనిపించేలా లైట్లు వెలగాలి. ద్విచక్ర వాహనాలకైతే 2017 ఏప్రిల్ నుంచి పగలు కూడా హెడ్‌లైట్ వెలుగుతూనే ఉండేలా తయారుచేయాలని ప్రభుత్వం తప్పనిసరి చేసింది. కనబడటం ప్రాణంతో సమానమని ఒప్పుకున్నట్టే కదా. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రోజులో అన్నిటికంటే ఎక్కువ ప్రమాదాలు జరిగేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య. చీకటి పడే వేళ, ఇళ్లకు చేరే వేళ. ఇవన్నీ లైటు లేకపోవడం వల్ల జరిగాయని నేను అనడం లేదు. ఆ మూడు గంటల్లో రోడ్డు మీదికి ఒంటి లైటు బండిని తెలిసి పంపడం ఎంత పెద్ద నిర్ణయమో మీరు గుర్తించాలంటున్నాను. పైగా ఆ బండిని పోలీసులు ఆపితే జరిమానా కట్టేది మేము. "కంపెనీ వర్క్‌షాపు ఇలాగే పంపింది" అన్నా వినరు, వినాల్సిన పని కూడా లేదు.

కాకినాడ చేరాక మళ్లీ మొదటి నుంచి మొదలైంది. జగదల్‌పూర్ జాబ్ కార్డ్ ఉందా అన్నారు. వాళ్లు తెరవలేదన్నాం. అయితే లోపం మేమే మళ్లీ చూడాలి, బండి ఉంచి వెళ్లండి అన్నారు. చూశాక, అద్దం లోపల చెమ్మ ఉందని, ప్రెషర్ వాష్ వల్ల నీళ్లు పోయి ఉంటాయని, అది వాడకందారు తప్పిదం కిందికి వస్తుందని అన్నారు. ఆ బండిని కడిగింది మీ వర్క్‌షాపే, ప్రతి సర్వీసులోనూ, మీ ప్రెషర్ పంపుతోనే. హెడ్‌లైట్‌కు గాలి ఆడే సన్నటి రంధ్రం ఉంటుంది. చలిలో అద్దం మీద పల్చటి ఆవిరి పట్టి, లైటు వేశాక కాసేపటికి పోవడం మామూలే. అది కాకుండా నీటి బొట్లు నిలబడితే సీల్ పాడైందని అర్థం. సీల్ పాడవడం తయారీ లోపం కాకపోతే ఇంకేమిటి? వర్షంలో, వాగుల దారిలో తిరగాల్సిన బండి లైటులోకి నీళ్లు పోతే తప్పు నీళ్లదా?

ఉత్తరాలు, మెయిళ్లు, ఫోన్లు అయ్యాక చివరికి వారంటీ కిందే కొత్త లైటు వేశారు. మంచిదే. కానీ కొత్త లైటు వేసి, దాని గురి సరిచూడకుండా బండి ఇచ్చేశారు. ఆ రాత్రే కుడి వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతోందని తెలిసింది. ఎదురొచ్చినవాళ్లంతా డిప్పర్ కొట్టి తిట్టుకుంటూ పోయారు. లైటు మార్చాక గోడ మీదో, బీమ్ సెట్టర్ యంత్రం మీదో గురి చూసి స్క్రూ తిప్పడం మీ సర్వీస్ మాన్యువల్లోనే ఉండే పని. మళ్లీ వెళ్లి చేయించుకున్నాం.

ఇక వర్క్‌షాపు యజమానులతో రెండు మాటలు. మీ ఇబ్బంది నాకు కొంత తెలుసు, మీ దగ్గర పనిచేసేవాళ్లే చెప్పారు. వారంటీ పనికి కంపెనీ ఇచ్చే కూలి, కస్టమర్ దగ్గర మీరు వసూలు చేసే కూలికంటే తక్కువ. పాత పార్ట్ దాచి పంపాలి, ఫోటోలు ఎక్కించాలి, ఏ కాగితమైనా తేడా వస్తే క్లెయిమ్ కొట్టేస్తారు, అప్పుడు పార్ట్ ఖరీదు మీ నెత్తిన పడుతుంది. వేరే ఊళ్లో అమ్ముడైన బండి మీకు లాభం తెచ్చిన బండి కాదు, రేపు మళ్లీ మీ దగ్గరికి వచ్చేదీ కాదు. కాబట్టి దాన్ని ఎలాగో పంపించేయాలనిపించడం మానవ సహజం. కానీ మీ గేటు మీద ఉన్న బోర్డు మీది కాదు, కంపెనీది. ఆ బోర్డు చూసే మేం లోపలికి వస్తాం. మీ నష్టం సంగతి కంపెనీతో కొట్లాడి తేల్చుకోండి, ఆ కొట్లాటలో మేం మీ పక్కనే నిలబడతాం. మమ్మల్ని మాత్రం చీకట్లోకి పంపకండి.

కంపెనీల పెద్దలకు అసలు మాట ఇదే. ప్రయాణికుడి హెడ్‌లైట్ విషయంలో వర్క్‌షాపుకు ముందస్తు అనుమతి అవసరం లేకుండా చేయండి. బండి ఛాసిస్ నంబరు కొడితే వారంటీ ఉందో లేదో క్షణంలో తెలిసిపోతుంది. ఉంటే, పార్ట్ స్టాకులో ఉంటే, వెంటనే మార్చే అధికారం అక్కడి మేనేజరుకు ఇవ్వండి. తప్పు క్లెయిములు వస్తాయన్న భయం మీకు ఉండవచ్చు, వాటిని తర్వాత ఆడిట్ చేసి పట్టుకోండి. పార్ట్ లేకపోతే పక్క ఊరి డీలరు దగ్గర ఉందేమో చూసి తెప్పించండి, మీ స్టాకు వివరాలన్నీ ఒకే కంప్యూటరులో ఉంటాయి కదా. అదీ కుదరకపోతే తాత్కాలిక లైటు ఒకటి, నిబంధనలకు లోబడినది, మీ చేతులతోనే బిగించి పంపండి. బయటి ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోమని రాతపూర్వకంగా చెప్పి ఆ బిల్లు చెల్లించినా సరే. ఇవేవీ చేయలేని ఊళ్లో బండిని ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి, అందులోని మనుషులను గమ్యం చేర్చండి. మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ప్రశ్నల్లో "లైట్లు వెలుగుతున్నాయా?" అనే ప్రశ్న చేర్చండి. చీకటి పడ్డాక ఆ జవాబు "లేదు" అయితే బండి ఆగిపోయినట్టే లెక్క.

జాబ్ కార్డ్ విషయంలో బేరం లేదు. బండి గేటు దాటితే కార్డ్ తెరవాలి. లోపం కనబడకపోతే కనబడలేదని రాయండి, కానీ వాడకందారు ఏం చెప్పాడో అతని మాటల్లోనే రాయండి. నిరాకరిస్తే కారణం రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. ఇది కేవలం నా ఒక్క బండి కోసం కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఎ సెక్షన్ వచ్చింది. ఒక మోడల్లో లోపం బండిలోని వాళ్లకో రోడ్డు మీది వాళ్లకో హాని చేసేదైతే, నిర్ణీత శాతం యజమానులు ఫిర్యాదు చేసినా, పరీక్షా సంస్థ చెప్పినా, మరే మార్గంలో తెలిసినా ఆ బండ్లన్నిటినీ వెనక్కి పిలిపించమని కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. జగదల్‌పూర్‌లో ఒక బండి, చిత్తూరులో ఒక బండి, ఆదిలాబాద్‌లో ఒక బండి, ఒకే లైటుతో ఒకే లోపంతో వచ్చి, "అంతా బాగానే ఉంది" అనిపించుకుని కార్డ్ లేకుండా వెళ్లిపోతే ఆ లెక్క ఎప్పటికి తేలుతుంది? మీ నాణ్యతా విభాగానికి కూడా తెలియదు. తెలియాలని మీరు నిజంగా కోరుకుంటే గేటు దగ్గరే మొదలుపెట్టండి.

కోర్టుల దాకా వెళ్లాలని నాకు లేదు. కానీ వెళ్లలేమని మీరు అనుకోకూడదు కాబట్టి చెబుతున్నాను. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మేం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. బండి ఏ రాష్ట్రంలో చెడిపోయినా, మీ హెడ్డాఫీసు ఏ నగరంలో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. అంతకు ముందు మెట్టుగా 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు నమోదు చేసుకుంటుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇది చదివే కారు యజమానులకు ఒక మాట: లైటు ఆరిన వెంటనే వీడియో తీయండి, అందులో డాష్‌బోర్డు మీది కిలోమీటర్లు, హెచ్చరిక గుర్తు కనిపించాలి. జాబ్ కార్డ్ ఇవ్వకపోతే అక్కడ నిలబడే కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి, తేదీ, సమయం పడతాయి. అక్కడివాళ్ల మీద కోపం పెట్టుకోకండి, కాగితం మాత్రం వదలకండి.

ఈ లేఖ ప్రతులను కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు, రోడ్డు రవాణా శాఖకు పంపుతున్నాను. బ్రేకులు, స్టీరింగ్, హెడ్‌లైట్లు, ఇలా ప్రాణానికి సంబంధించిన భాగాలకు వారంటీ రిపేరు ఎన్ని గంటల్లో మొదలవ్వాలో, ప్రయాణికుడికి ప్రత్యామ్నాయం ఏమిటో కంపెనీలు ముందే ప్రకటించేలా నిబంధన తేవాలని ఆ రెండు శాఖలను కోరుతున్నాను.

వచ్చే సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, చెన్నై నుంచి మన ఊళ్లకు కార్లు బారులు తీరతాయి. చాలామంది ఆఫీసు అయ్యాక సాయంత్రం బయల్దేరి రాత్రంతా నడుపుతారు. ఆ బండ్లలో ఏ ఒక్కదానికి కోదాడ దగ్గరో, ఒంగోలు దగ్గరో, పలమనేరు దగ్గరో లైటు ఆరినా, దగ్గర్లోని మీ వర్క్‌షాపు ఏం చేస్తుందో పండగకు ముందే మీ కంపెనీ రాతపూర్వకంగా ప్రకటించాలి. షోరూంలో గోడ మీద తెలుగులో అంటించాలి, వారంటీ పుస్తకంలో చేర్చాలి. ఎవరు ముందు ప్రకటిస్తే వాళ్ల పేరు నేనే పదిమందికీ చెబుతాను. మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
మీ కారు కొన్న ఒక వినియోగదారుడు,
కాకినాడ